దసరాకి కోతలా? కోజీ ఫాంటసీ కథకి ఏ పండగ నప్పుతుంది

నేను రాసిన మొదటి కోజీ ఫాంటసీ కథలో (యుద్ధాలేం లేకుండా, ఇంటి పనిలో కలిసిన చిన్న మంత్రంతో హాయిగా నడిచే కథ) దసరా నాడు ఊరంతా వరి కుప్పలు నూర్చేస్తుంటారు. కొత్త బియ్యం పరమాన్నం, వెన్నెల, కుప్ప మీద కూర్చుని కబుర్లు చెప్పే బొటనవేలంత దేవత. బాగానే కుదిరిందనుకుని తెనాలి దగ్గర వ్యవసాయం చేసుకునే మా బాబాయికి పంపాను. రెండు రోజులాగి ఫోన్ చేశాడు.

"దేవత సంగతి సరేగానీ అమ్మాయ్, దసరాకి కోతలైపోయిన ఊరు ఎక్కడుందే? మా చేను ఇంకా పొట్ట మీదుంది, కంకే బయటికి రాలేదు."

కుప్ప మీద దేవత కూర్చుని మాట్లాడితే ఆయన నమ్మాడు. ఆ కుప్పనే నమ్మలేదు.

ఈ పొరపాటు నా ఒక్కదానిదే కాదని తర్వాత తెలిసింది. ఇంగ్లీషులో ఈ రకం కథలు చదివి రాయాలని సరదాపడే చాలామంది ఇక్కడే జారుతున్నారు. చలిదేశాల్లో ఆకులు రాలే కాలం, గుమ్మడికాయలు, ఆపిల్స్ కోసే కాలం ఒకటే. మనకి అలా కలిసి రావు. శరత్తంటే ఆశ్వయుజ, కార్తీకాలు. కృష్ణా డెల్టాలో కాలువలకి నీళ్ళొచ్చాక నారుపోసి, జులై, ఆగస్టుల్లో నాట్లేసిన సార్వా (వానాకాలం) వరి శరత్తంతా చేలోనే ఉంటుంది. బాపట్ల నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, అదే మనం సాంబ మసూరి అనే రకం, సుమారు 150 రోజుల పంట. అది కోతకొచ్చేసరికి నవంబరు చివరో డిసెంబరో అవుతుంది. పంట ఇంటికొచ్చిన పండగేమో జనవరిలో. అంటే శరత్తు ఒక కొసన, కోతలు ఇంకో కొసన ఉన్నాయి. కథ మొదలుపెట్టే ముందే తేల్చుకోవాల్సింది ఇది: మీకు ఆ ఋతువు కావాలా, ఆ పంట కావాలా? రెండూ కలిసి దొరికే చోటు ఒకటుంది, దాని సంగతి కార్తీకం దగ్గర చెప్తాను.

ముందు కొలతలు

కోజీ ఫాంటసీ అంటే లోకం మునిగిపోదు, యుద్ధాలు జరగవు. మంత్రం ఉంటుంది, అది ఇంటి పనిలో కలిసిపోయి ఉంటుంది. ఇదేదో కొత్తగా దిగుమతైన సరుకేం కాదు. దారిపోయే రాజకుమారుణ్ణి కూర్చోబెట్టి అన్నం పెట్టి, నాలుగు మంచి మాటలూ ఒక రహస్యమూ చెప్పి పంపే పేదరాశి పెద్దమ్మ మన జానపద కథల్లో ఎప్పటినుంచో ఉంది. రాజకుమారుణ్ణి పక్కనపెట్టి ఆవిడ ఇంట్లోనే కథ నడిపితే చాలు.

పండగని ఎంచుకునేటప్పుడు నేను చూసేవి ఇవి. మొదటిది, చిక్కు ఎంత చిన్నది. రెండు వేల మాటల కథకి ఊరి కష్టం బరువైపోతుంది. ఒక అట్టు తగ్గడం, ఒక ఒత్తి వెలగకపోవడం లాంటివి సరిపోతాయి. రెండోది, వెచ్చని చోటు. వంటిల్లో, అరుగో, షెడ్డో, ముగ్గురు నలుగురు కూర్చుని మాట్లాడుకునే జాగా ఆ పండగలో సహజంగా ఉండాలి. మూడోది, మంత్రానికో కట్టుబాటు. మంగళగిరి కొండమీద పానకాల స్వామికి ఎంత పానకం పోసినా సగం తాగి సగం మిగులుస్తాడంటారు. అంత పానకం ఒలికే చోట చీమ కనబడదనీ చెప్పుకుంటారు. చూడండి, ఎంత చిన్న నియమం, ఎంత గుర్తుండిపోతుందో. మీ కథలో మంత్రం కూడా ఒక్క వాక్యంలో చెప్పేటట్టు ఉండాలి.

నాలుగోది ఎవరూ పట్టించుకోరు గానీ నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యం: చంద్రుడు. సంక్రాంతి లాంటివి తప్ప మన పండగలు చాలావరకు తిథుల మీద నడుస్తాయి. దసరా రాత్రి నిండు చందమామ అని రాశారా, దొరికిపోయినట్టే. దశమి చంద్రుడు ఒక పక్క ఇంకా కొంచెం తరిగే ఉంటాడు, అర్ధరాత్రి దాటాక అస్తమిస్తాడు. అట్లతద్దికి చీకటి పడ్డాక గానీ పైకి రాడు. దీపావళికి అసలు ఉండడు. మంచానికి అటు తల ఇటు కాళ్ళు ఎలా తెలుసో, మీ కథలో చంద్రుడెక్కడున్నాడో అంత తెలిసుండాలి.

| నేపథ్యం | ఎప్పుడు | అప్పటికి పొలంలో | కథకి దొరికే చోటు | వచ్చే ఇబ్బంది |
|---|---|---|---|---|
| దసరా | ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నుంచి దశమి | వరి పొట్ట దశలో | కొలువు గది, ఆటోనగర్ షెడ్డు, ఘాట్ | జనసమ్మర్దం |
| అట్లతద్ది | ఆశ్వయుజ బహుళ తదియ | వరి ఈనుతూ | వంటిల్లు, ఉయ్యాల, డాబా | మొగుడి కోసం నోమనే భావం |
| దీపావళి | ఆశ్వయుజ అమావాస్య | వరికి కంకి | గుమ్మం | చప్పుడు |
| కార్తీకం | దీపావళి మర్నాటి నుంచి నెల | మెట్టలో పత్తి తీతలు, డెల్టాలో వరి పండుతూ | తులసికోట, ఉసిరిచెట్టు నీడ, రేవు | భక్తి కథగా మారిపోవడం |
| సంక్రాంతి | జనవరి నడుమ | వరి ఇంటికొచ్చేసింది | వాకిలి, కళ్ళం | శరత్తు కాదు, పైగా బాగా నలిగింది |
| కల్పిత పండగ | మీ ఇష్టం | మీ ఇష్టం | మీ ఇష్టం | ఆ ఇష్టమే |

దసరా: కొండ దిగి రండి

బెజవాడ వాళ్ళం కాబట్టి దసరా అనగానే ఇంద్రకీలాద్రే కళ్ళముందుకొస్తుంది. రోజుకో అలంకారం, మూలానక్షత్రం నాడు సరస్వతీదేవి దర్శనానికి తెల్లవారక ముందు నుంచే క్యూలు, పులిహోర, లడ్డూలు, బ్యారేజీ మీద దీపాలు. చూడ్డానికి ఇంతకన్నా ఏం కావాలి! కానీ లక్షలాది జనంలో హాయి కథ ఊపిరాడక చస్తుంది. పైగా అమ్మవారినే పాత్రగా తెస్తే కథ పురాణం దారి పడుతుంది, లేదా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. అమ్మవారిని కొండ మీదే ఉండనిచ్చి, మీరు కిందికి రావడం మంచిది.

కిందకొస్తే మూడు దారులున్నాయి. ఒకటి బొమ్మల కొలువు. కొండపల్లి పక్కనే ఉంది. తెల్లపొణికి కర్ర, అతకడానికి చింతగింజల పిండితో చేసే ముద్ద లాంటి వివరాలు చేతికి దగ్గరగా దొరుకుతాయి. కాకపోతే రాత్రికి బొమ్మలు లేచి తిరగడమనే ఊహ బాగా అరిగిపోయింది. రాయాలనే ఉంటే లేవని బొమ్మ మీద రాయండి. మిగతావన్నీ లేచి తిరుగుతుంటే పాత ముసలమ్మ బొమ్మ ఒక్కటి కదలదు. ఎందుకు?

రెండోది తెప్పోత్సవం. విజయదశమి సాయంత్రం హంస వాహనం కృష్ణలో విహరించాలి. వరద ప్రవాహం ఎక్కువున్న ఏళ్ళలో పడవ తిప్పకుండా ఒడ్డునే పూజ చేసిన సందర్భాలున్నాయి. విహారానికి సింగారించుకుని, ఒడ్డునే ఆగిపోయిన హంస! దాన్ని ఓదార్చడానికి వచ్చేదెవరు? ఘాట్ దగ్గర బఠాణీలు అమ్మే అబ్బాయా, బ్యారేజీ గేట్లు చూసుకునే ఉద్యోగా? చిక్కు చిన్నది, చోటు మనది.

మూడోది నాకు బాగా ఇష్టమైనది, ఆటోనగర్. ఆయుధపూజ రోజు షెడ్లన్నీ కడిగి, రెంచీలకీ లేత్ మిషన్లకీ పసుపు కుంకుమలు పెట్టి, లారీలకి బంతిపూల దండలేసి గుమ్మడికాయ కొడతారు. ఏడాదంతా గ్రీజులో ఉండే మనుషులు ఆ ఒక్కరోజు తెల్లచొక్కాలేసుకుని కూర్చుంటారు. పనిముట్లకి సెలవు. ఆ ఒక్కరోజే అవి మాట్లాడతాయనుకోండి, నలభై ఏళ్ళ రెంచీ తన మేస్త్రి గురించి ఏం చెబుతుంది? గుడి వాసన లేకుండానే పండగ వాసన వస్తుంది.

ఇంకో మాట. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు నీళ్ళలో ఉండిపోయాయి. నెల తిరిగేసరికి దసరా వచ్చింది. బురద కడిగిన ఇంట్లో కొలువు పెట్టడమనే దృశ్యంలో ఉన్న వెచ్చదనం వేరు. ఈ రకం కథల్లో కష్టం ఉండకూడదనేం లేదు, కథ మొదలయ్యేసరికి నీళ్ళు దిగిపోయి ఉంటే చాలు.

పంట కావాలనుకునేవాళ్ళకి మాత్రం దసరా నిరాశే. కూరగాయల తోరణాలతో గుడంతా అలంకరించే శాకంబరీ ఉత్సవాలు చూసి "ఇదే కదా కావాల్సింది!" అనిపిస్తుంది గానీ, అవి ఆషాఢంలో.

అట్లతద్ది: మొదటి కథకి ఇదే

ఎవరైనా "మొదటిసారి రాస్తున్నా, ఏది పెట్టుకోను?" అంటే నేను తడుముకోకుండా చెప్పేది ఇదే. కథకి కావాల్సిన కట్టు పండగలోనే ఉంది. ముందురోజు గోరింటాకు. తెల్లవారుజామున చీకట్లో లేచి చద్దన్నం, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు. తర్వాత ఆటలు, ఉయ్యాల. పగలంతా ఉపవాసం. రాత్రి చంద్రుడు కనబడ్డాక గౌరీపూజ, పదకొండు అట్లు వాయనం. మొదలు, నడుమ, ఎదురుచూపు, ముగింపు అన్నీ ఒకే రోజులో ఒదిగిపోయాయి. మీరు చేయాల్సింది మధ్యలో ఎక్కడో ఒక మెలిక పెట్టడమే.

ఉదాహరణకి: పదకొండు అట్లు పోసి లెక్కపెడితే పది. మళ్ళీ ఒకటి పోస్తే మళ్ళీ పది. మంత్రానికి కట్టుబాటు: అమ్మాయి ఆ రోజు ఎవరి వాటా మరిచిపోయిందో వాళ్ళకి ఒక అట్టు ముందే వెళ్ళిపోతోంది. అది ఎవరో తెలుసుకోవడమే కథ. లేదా మబ్బు. అక్టోబరులో బెజవాడ ఆకాశాన్ని నమ్మలేం, రాత్రి ఎనిమిదైనా చంద్రుడు కనబడకపోవచ్చు. ఆకలితో డాబా మీద నలుగురమ్మాయిలు, కింద అమ్మమ్మ. ఆకలి కంటే నమ్మదగ్గ ఉత్కంఠ ఏముంటుంది?

రెండు ఇబ్బందులు. ఒకటి, మంచి మొగుడి కోసం నోమనే మాట. చాలామంది ఈ తరం పాఠకులకి అక్కడే కథ మీద మనసు విరుగుతుంది. నేనైతే ఆ మాట దాచను, ఒక ముసలావిడతో చెప్పించి, అమ్మాయి మాత్రం ఉయ్యాల కోసమే ఉపవాసం ఉన్నట్టు రాస్తాను. నిజానికి మేమంతా ఉన్నది అందుకే. రెండోది, మొగల్రాజపురం అపార్ట్‌మెంట్‌లో ఉయ్యాల కట్టడానికి చెట్టేది? ఈ ఇబ్బందే కథైపోవచ్చు కూడా. కారు పార్కింగ్ పిల్లర్ల మధ్య ఒక్క తెల్లవారుజామున మాత్రం మొలిచే వేపచెట్టు. వాచ్‌మన్‌కి తెలుసు, ఎవరికీ చెప్పడు.

చదివి వినిపించే కథలు చేసేవాళ్ళకి కూడా అట్లతద్దే అందరికంటే అనువు. పెనం మీద పిండి జారిన సుయ్, ఉయ్యాల గొలుసు కిర్రు, చీకట్లో పిల్లల కేకలు. చెవికి పని ఉంటుంది.

దీపావళి

మానేయమంటాను. టపాకాయల చప్పుడులో గుసగుసలు వినబడవు. పిల్లలు గుమ్మంలో గోగుకాడలకి నూనెగుడ్డ చుట్టి వెలిగించి తిప్పే ఆ పది నిమిషాలు మాత్రం బంగారం. ఆ కాడ గోంగూరదే, మన గుంటూరు గోంగూర పండగలో కూడా దూరిందన్నమాట. కావాలంటే కథంతా ఆ పది నిమిషాల్లోనే ముగించేయండి.

కార్తీకం: శరత్తూ పంటా కలిసే చోటు

బాబాయి ఫోన్ పెట్టేశాక చాలా రోజులు వెతికితే దొరికిన జవాబు ఇది. నేను డెల్టాలోనే వెతుకుతున్నాను, వరి దగ్గరే ఆగిపోయాను. గుంటూరు దాటి నల్లరేగడి వైపు, ఊరి పేరులోనే ప్రత్తిని పెట్టుకున్న ప్రత్తిపాడు వైపు వెళ్ళండి. అక్టోబరు, నవంబరుల్లో చేలన్నీ తెల్లగా పగిలి ఉంటాయి. నడుముకి ఒడి కట్టుకుని ఆడవాళ్ళు పత్తి తీస్తుంటారు. ఇది శరత్తులో జరిగే కోత. కార్తీకంలో ఇంటింటా కావాల్సింది ఏంటి? ఒత్తులు. పొలంలో తీసిన దూదే తులసికోట దగ్గర దీపమవుతుంది. పంటకీ పండగకీ మధ్య ఇంత దగ్గరి దారి సంక్రాంతిలో తప్ప ఇంకెక్కడా చూళ్ళేదు.

కార్తీక పౌర్ణమికి 365 ఒత్తుల కట్ట నేతిలో తడిపి వెలిగిస్తారు. ఏడాది పొడుగునా రోజూ దీపం పెట్టలేకపోయినా ఆ ఒక్కరోజుతో సరిపోతుందని నమ్మకం. రోజుకో ఒత్తి! ఫాంటసీ రాసేవాళ్ళకి ఇంతకన్నా తయారుగా ఉన్న కట్టుబాటు ఎవరిస్తారు? నేను చివరికి రాసిన కథ ఇదే: నాయనమ్మ ఈ ఏటి కొత్త పత్తిలో గింజ తీసి, ఏకి, కూర్చుని 365 ఒత్తులు చేసింది. పౌర్ణమి రాత్రి కట్టంతా కాలి మసైపోయాక ఒక్క ఒత్తి మాత్రం తెల్లగా, నలగకుండా అలాగే మిగిలింది. అది ఏ రోజుది? ఇంటిల్లిపాదీ కూర్చుని ఏడాదంతా వెనక్కి తవ్వుకుంటారు.

చోట్లకి కొదవలేదు. ఉసిరిచెట్టు కింద వనభోజనాలున్నాయి, అక్కడ ఆఫీసువాళ్ళూ చుట్టాలూ తెలియనివాళ్ళూ ఒకే పంక్తిలో కూర్చుంటారు కాబట్టి పేదరాశి పెద్దమ్మకి కొత్త ఉద్యోగం దొరికినట్టే. తెల్లవారుజామున రేవుల్లో అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. ఆ దొప్ప ఎక్కడిదాకా వెళ్తుందో చెప్పే కథ ఒకటి నా దగ్గర ఇంకా సగంలోనే ఉంది. నాగుల చవితికి పుట్ట దగ్గర చలిమిడి, చిమ్మిలి. పుట్టలో ఉండే ఆయనకి పాలంటే విసుగొచ్చి చిమ్మిలి మాత్రమే అడిగితే పిల్లలు పడీపడీ నవ్వుతారు.

నష్టాలు చెప్పకపోతే అన్యాయం. కార్తీకం కథ చాలా త్వరగా మహాత్మ్యంలోకి జారిపోతుంది. దీపం పెట్టింది, పుణ్యమొచ్చింది, కష్టం తీరింది. అలా రాసిన రోజు కోజీ పోయి వ్రతకథ మిగులుతుంది. మంత్రం వల్ల కష్టం తీరకూడదు. మంత్రం వల్ల మనుషులు ఒకచోట కూర్చోవాలి, అంతే. రెండోది తుపాన్లు. ఇదే కాలంలో బంగాళాఖాతం ఊరుకోదు. పగిలిన పత్తి మీద వాన పడితే దూది రంగు మారుతుంది, ధర తెగుతుంది. పత్తి చేను పెట్టుకుని ఆకాశాన్ని వదిలేస్తే రైతులెవరూ నమ్మరు. కూలీ మాట కూడా మరవద్దు. కిలోల లెక్కన కూలి తీసుకునే మనిషికి తెల్లని చేను అందంగా కనబడటం కంటే ముందు నడుం నొప్పిగా ఉంటుంది. ఆ నడుముకి మీ మంత్రం ఏదైనా చేయగలదేమో చూడండి.

సంక్రాంతి: పంటే ముఖ్యమైతే

శరత్తు పోయినా ఫర్వాలేదు, ధాన్యం బస్తాలు కావాలనుకుంటే ఇక్కడికే రావాలి. మంచు, భోగిమంట, గొబ్బెమ్మలు, అరిసెల పాకం. చలి ఉంటుంది కాబట్టి వెచ్చదనానికి విలువ కూడా ఉంటుంది. నిజం చెప్పాలంటే, మన దగ్గర అక్టోబరు ఉక్కపోతలో దుప్పటి కప్పుకుని టీ తాగే పాత్రని రాస్తే నవ్వొస్తుంది. జనవరిలో రాస్తే రాదు.

కానీ ఏటా పత్రికల పండగ సంచికలన్నీ ఇవే ముగ్గులు వేస్తాయి. కొత్తగా ఏం చెప్పాలన్నా ఒక మూల చూసుకోవాలి. చూరుకి పిచ్చుకల కోసం వేలాడదీసే వరికంకుల కుచ్చు తీసుకోండి. లేదా హరిదాసు నెత్తిమీద అక్షయపాత్ర. ఇంటికి చేరేదాకా దించకూడదంటారు. ఒక ఇంటి ముందు అది దానంతటదే బరువెక్కి కదలనివ్వకపోతే? ఆ ఇంటివాళ్ళు ఏదో ఇవ్వాల్సింది ఇవ్వలేదు. ఇలా ఒక్క వస్తువుకి కట్టుబడితే బాగుంటుంది. భోగి నుంచి ముక్కనుమ దాకా అన్నీ పెడితే అది కథవదు, క్యాలెండరవుతుంది.

కల్పిత పండగ

స్వేచ్ఛగా ఉంటుందని అందరూ ఇటే పరిగెడతారు, అందుకే చాలా కథలు ఇక్కడే పల్చబడతాయి. నిజమైన పండగ వెనక ఒక పని ఉంటుంది. పనిలేని పండగ అలంకారమే. కల్పించాలంటే ముందు పనిని పట్టుకోండి: కాలువలకి నీళ్ళు ఆపేసే రోజు, దుగ్గిరాల వైపు పసుపు ఉడికించే రాత్రి, మిరపకాయలు కళ్ళంలో ఆరబోసి కాపలా పడుకునే వారం. తర్వాత వంటకం, తర్వాత ఒక నిషేధం. పేరు అన్నిటికన్నా చివర. ఒక్క లాభం మాత్రం కాదనలేనిది: నిజమైన దేవుళ్ళెవరూ రారు కాబట్టి ఎవరి మనసూ నొప్పించే భయం లేదు.

ఎవరికి ఏది

మొదటి కథ రాస్తున్నా, ఆడియోకి రాస్తున్నా అట్లతద్ది. పదేళ్ళలోపు పిల్లలకైతే నాగుల చవితి పుట్ట, లేదా సంక్రాంతి పిచ్చుకలు. పెద్దగా భక్తి లేనివాళ్ళకీ, మగపాత్రలతో రాయాలనుకునేవాళ్ళకీ ఆటోనగర్ దసరా. బెంగళూరులోనో అమెరికాలోనో కూర్చుని ఊరు గుర్తుచేసుకుంటూ రాసేవాళ్ళు సంక్రాంతిని ఎంచుకుంటే తప్పులు తక్కువ దొర్లుతాయి, ఎందుకంటే సెలవులకి వచ్చి చూసింది అదే. వాళ్ళు కార్తీకం జోలికొస్తే మాత్రం పంచాంగం ఒకటి పక్కన పెట్టుకుని, ఊళ్ళో ఎవరికైనా ఫోన్ చేసి వాన పడిందా, చేలో ఏముంది అని అడగాలి. ఒకటి రెండు కథలు రాసి చెయ్యి తిరిగినవాళ్ళకి నా ఓటు కార్తీకానికే.

ఒత్తి కథ మొన్న బాబాయికి పంపాను. ఈసారి అదే రాత్రి ఫోన్ చేశాడు.

"పత్తి పెట్టావు, బాగుంది. మిగిలిపోయిన ఆ ఒత్తి ఏ రోజుదో నాకు ముందే తెలిసిపోయింది."

"ఎలా బాబాయ్?"

"తుపాను రోజుదే. ఆ రోజు మీ నాయనమ్మ దీపం పెట్టలా, లాంతరు పట్టుకుని చేలోకెళ్ళింది."

నేను కథలో రాసిన రోజు అది కాదు. ఫోన్ పెట్టేసి మార్చుకున్నాను.